మట్టిముద్దతో సహా

కడియపులంకలో సంచులు నింపే పనికి
రోజుకూలీ లేదు, వెయ్యి సంచులకింత.
నూకరత్నం చేతులకి చూడకుండానే తెలుసు:
ఎర్రమట్టి, గోదారి ఒండ్రు, మాగిన పేడ, గుప్పెడు ఊక,
అడుగున రెండు బెజ్జాలు.
నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది మరి.

ఆ నర్సరీ ఆఫీసుగదిలో
పగలు లారీల బిల్లులు రాస్తాను.
రాత్రి, ఎవరూ జీతమివ్వని పని ఒకటుంది నాకు:
తెలుగు రాతలో తప్పులు పట్టే చిన్న ప్రోగ్రాం.
ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు,
బాగుచేసి తిరిగి ఇవ్వొచ్చు,
"ఈ తలుపుకి తాలం లేదు" అని
మొదటి పేజీలోనే గొప్పగా రాసుకున్నాను.

ఏసుపాదం వచ్చాడు, రాజోలు నుంచి.
డిగ్రీ రెండో ఏడు. అన్నయ్య పాత లాప్‌టాప్.
'కే' మీట ఊడిపోతే గుంటలో పుల్లతో నొక్కుతాడు.
"ల కీ ళ కీ తేడా పట్టట్లేదండి మీ ప్రోగ్రాం,
నేను చూస్తానండి."

సోమవారం, వాడి పైథాన్ పాతది.
మంగళవారం కొత్తది వేస్తే నిఘంటువు అలిగింది.
బుధవారం దాన్ని బుజ్జగించేలోగా డేటా అయిపోయింది.
గురువారం అన్నయ్య పెళ్లి వీడియో తెరుచుకోవట్లేదని
ఇంట్లో పెద్ద గొడవ.
శుక్రవారం కబురు లేదు.

నేనేమన్నాను?
"నా మిషన్లో బాగానే నడుస్తోందే."

కిటికీ బయట లారీకి మామిడంట్లు ఎక్కిస్తున్నారు.
ఎక్కడికో, నల్లరేగడి దేశానికి.
ఒక్క మొక్కనీ వట్టి వేళ్లతో పంపరు.
కాసింత కడియం మట్టిని సంచిలో పట్టుకునే
బండెక్కుతుంది ప్రతి మొక్కా.
దిగిన చోట ముందు తన మట్టిలోనే కుదుటపడి
ఆ తర్వాతే
పక్క నేలతో మాట కలుపుతుంది.

ఇన్నేళ్లూ ఆ లారీలకి బిల్లులు రాసింది నేనే.

ఆదివారం ఫ్యాను కింద కూర్చున్నాను.
కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరు,
దానికి తన ఉబుంటు, తన పైథాన్, తన నిఘంటువు, తన ఫాంట్లు.
ఏది ముందు, ఏది వెనక, ఏ వెర్షను ఎంత పాలు,
అంతా ఒక ఫైల్లో.
ఒక్క ఆజ్ఞ. లెమ్మంటే లేస్తుంది.
చెడితే పీకి పారేసి మళ్లీ లెమ్మనొచ్చు,
అన్నయ్య పెళ్లి జోలికి పోదు.

పదిసార్లు చెరిపి పదిసార్లు లేపాను.
పదకొండోసారి ఏసుపాదానికి పంపాను.
ఆరొందల ఎంబీ. పన్నెండు దాటి
కొత్త డేటా పడేదాకా మేలుకున్నాడట.

ఒంటిగంటకి జవాబు:
"సత్యవేణి అంటే ఎవరండి?
మిషను ఆవిడ ఇల్లు వెతుకుతోందండి, దొరకలేదంటోందండి."

నలభై మూడో వరస.
పంచుకునే ఫోల్డరుకి దారి,
అలవాటు కొద్దీ నా పేరుతోనే రాసేశాను.
పదిసార్లూ నా ఇంట్లోంచే నా ఇల్లు వెతికాను,
దొరక్కేం?

పొద్దున్నే చెబితే నూకరత్నం నవ్వింది,
చేతులు ఆపకుండా.
"ఆయ్, నా కాలి మెట్టొకటి అలాగే సంచి మట్టిలో పడి
బెంగుళూరెళ్లిపోయిందండి.
ఏ చెట్టు కిందుందో ఏటో."

నా మెట్టె ఏరేసి మళ్లీ పంపాను.

ఈసారి పద్నాలుగు నిమిషాలట.
మధ్యలో కరెంటు పోయిందట, వచ్చాక మళ్లీ లెమ్మంటే
ఏం జరగనట్టే లేచిందట.
ఆ రాత్రి వాడి దిద్దుబాటు వచ్చింది: పదకొండు వరసలు,
పక్కన ఒక పరీక్ష, దాని కింద ఒక మాట:
"ఎక్కువ వెతకలేదండి,
మీ మొదటి పేజీ మీదే నడిపి చూశానండి.
ఒకటే దొరికింది."

తాలం కాదు,
తాళం.